వైటమ్ అడవిలో మా అమ్మాయి వారము

(పాఠశాల వార్షికోత్సవమున తలిదండ్రుల సభయందు చదివిన ప్రసంగము)



విదేశవిద్యను గూర్చి నాలుగు మాటలు చెప్పుడని కార్యదర్శిగారు మా యింటికి మూడు మారులు వచ్చిరి. మేము ఉపన్యాసకులము కాము. మాలో ఒకరు బడాబజారులోని బట్టల కొట్టులో పద్దులు వ్రాయువారు. ఇంకొకరు ఇంటివద్ద అప్పడములు చేయించి కొట్లకు వేయువారు. ఇప్పుడు మీకు వినబడుచున్న గొంతు ఒకరిదే యైనను మాట మా యిద్దరిదియు. ఆ దేశమును మేము చూడలేదు. మాకు తెలిసినది ఆదివారము రాత్రి తొమ్మిది గంటలకు వచ్చు టెలిఫోను మాత్రమే. అప్పుడు అక్కడ ఎండకాలమైనచో సాయంకాలము నాలుగున్నర, చలికాలమైనచో మూడున్నర. మార్చి నెల చివరి ఆదివారము వారు తమ గడియారములను ఒక గంట ముందునకు త్రిప్పుదురట. మొదటి సంవత్సరము ఈ సంగతి తెలియక, ఎనిమిది గంటలకే ఫోను మ్రోగినప్పుడు ఏ కీడు జరిగినదో యని మా ప్రాణములు కొట్టుకొన్నవి. అటువంటి ఆదివారముల మాటలలోనుండి ఏరి కూర్చిన ఒక వారమును మీ ముందుంచెదము.

మా అమ్మాయి ఇంగ్లండులో పక్షులను గూర్చి పరిశోధన చేయుచున్నదని చెప్పగానే ఎదుటివారి ముఖమున ఒక మార్పు వచ్చును. డాక్టరు చదువన్నచో ఒక విధముగను, కంప్యూటరు చదువన్నచో ఒక విధముగను వెలుగు ముఖములు, పక్షులనగానే సందేహములో పడును. మా బంధువొకరు, "పిట్టలను లెక్కపెట్టుటకు సీమదాకా పోవలయునా? మన పెరటిలో లేవా?" అని అడిగిరి. మేము నవ్వితిమి. నిజము చెప్పవలెనన్న, ఆ ప్రశ్న మాలోను లేకపోలేదు. ఆమె ఇంటరు చదువునాటికి మా కోరిక వైద్యవిద్య. ప్రవేశపరీక్షలో ర్యాంకు రాలేదు. రాకపోవుట మంచిదైనదని ఆమె ఇప్పుడనును. మేము ఇంతవరకు ఆ మాట అనలేదు.

ఈ పక్షుల పిచ్చికి మూలము మా అమ్మాయి నాయనమ్మ. ఆమెను ఇంటిల్లపాది మామ్మ యనియే పిలిచెడివారము. మామ్మ పుట్టిల్లు ఋషికుల్య నది సముద్రమున కలియుచోటికి దగ్గర. ఆ తీరమున మన తెలుగు మాటాడు జాలరుల పల్లెలున్న సంగతి మీకు తెలియనిది కాదు. ఆలివ్ రిడ్లే తాబేళ్ళు కొన్ని యేండ్లలో వేలకొలది అక్కడికి వచ్చి ఇసుకలో గుడ్లు పెట్టిపోవును. ఒక్కొక్క తాబేలు పెట్టునవి నూరు, నూటయిరువది. మా అమ్మాయి ఏడవ తరగతి చదువుచున్నప్పుడు ఒక రాత్రి పిల్లలు పొదిగి బయటికి వచ్చినవి. అవి వెలుతురున్న దిక్కునకు నడచును. చీకటి రాత్రి అన్నిటికంటె వెలుగునది నీరే గనుక ఆ గుణము వానిని సముద్రమునకు చేర్చును. కాని పల్లెలో వీధిదీపములు వచ్చిన తరువాత అవి దారితప్పి ఊరివైపు నడువసాగినవి. మామ్మయు పల్లె ఆడువారును చేటలతోను బకెట్లతోను వానిని ఏరి నీటి అంచున విడిచిరి. మా అమ్మాయి మాత్రము ఏరుచు ఏరుచు లెక్క వ్రాసినది. దీపస్తంభము దగ్గర ఎన్ని, స్తంభమునకు ఇరువది అడుగుల యివతల ఎన్ని, దీపము లేనిచోట ఎన్ని. ఆ లెక్కల పుస్తకము ఇంకను మా యింట ఉన్నది. అట్టమీద ఈ పాఠశాల పేరు, లోపల తెలుగు అంకెలలో తారీఖులు.

ఆమె పై చదువునకు బయలుదేరునాడు మా సంకోచమును పోగొట్టినవారు ఈ బడిలో చాలకాలము విజ్ఞానశాస్త్రము చెప్పి విశ్రాంతి తీసికొనుచున్న మాస్టరుగారు. వారు మా యింటి అరుగుమీద కూర్చుండి హాల్డేన్ కథ చెప్పిరి. జె.బి.ఎస్. హాల్డేన్ పుట్టినది ఆక్స్‌ఫర్డులోనే, 1892లో. జన్యుశాస్త్రమున ప్రపంచప్రసిద్ధుడైన ఆ పెద్దమనిషి 1957లో మన దేశమునకు వచ్చి కలకత్తాలోని గణాంకశాస్త్ర సంస్థలో చేరెను. ఖరీదైన యంత్రములు లేకున్నను కన్నులు, కాగితము, ఓపిక ఉన్నచో ఈ దేశమున గొప్ప జీవశాస్త్రము చేయవచ్చునని ఆయన నమ్మకము. పిఠాపురమునుండి వచ్చి ఆయన శిష్యుడైన ద్రోణంరాజు కృష్ణారావు సీతాకోకచిలుకలు లాంటానా పొదమీద ఏ రంగు పూలను కోరి వ్రాలునో లెక్కపెట్టి వ్యాసము వ్రాసెను. 1962లో హాల్డేన్ మన ఒడిశాకే, భువనేశ్వరమునకే వచ్చి ప్రయోగశాల నెలకొల్పెను. అక్కడనే 1964 డిసెంబరు 1వ తేదీన మరణించెను. ఆయన కోరిక ప్రకారము దేహమును కాకినాడ రంగరాయ వైద్యకళాశాలకు విద్యార్థుల చదువునకై పంపిరి. "ఆక్స్‌ఫర్డునుండి మనవద్దకు అంతటివాడు వచ్చినాడు. మనవద్దనుండి ఒక పిల్ల అక్కడికి పోరాదా?" అని మాస్టరుగారు అడిగిరి. మామ్మ వెంటనే లోపలికి పోయి గాజులు తీసికొని వచ్చెను.

గాజుల సంగతి వచ్చినది గనుక ఖర్చును గూర్చి ఒక మాట. పరిశోధక విద్యార్థివేతనము దొరకినచో జీతములును, తిండికిని అద్దెకును చాలునంత సొమ్మును వారే ఇత్తురు. కాని బయలుదేరుటకు ముందు కట్టవలసినవి కలవు. వీసా రుసుముగాక, అక్కడి వైద్యసదుపాయమునకని విద్యార్థులవద్ద ఏడాదికింత చొప్పున, చదువు కాలమంతటికిని ఒక్కసారిగా ముందే వసూలు చేయుదురు. మా అమ్మాయి వెళ్ళిన 2022లో అది ఏడాదికి 470 పౌండ్లు. 2024 ఫిబ్రవరినుండి 776 పౌండ్లు చేసిరి. విద్యార్థివేతనము వచ్చినదిగదా యని నిశ్చింతగా కూర్చున్న తలిదండ్రులు ఈ చోట తొట్రుపడుదురు. మేము తొట్రుపడితిమి. ఇంకొకటి: చదువుకాలమున వారమునకు 20 గంటలకు మించి వేరు పని చేయరాదని ఆ వీసా నిబంధన. పనిచేసి పంపునని లెక్కవేసికొనువారు ఆ లెక్కను మానుకొనవలెను.

ఇక ఆ అడవి. దాని పేరు వైటమ్. ఆక్స్‌ఫర్డునకు సుమారు మూడు మైళ్ళ దూరము. వైశాల్యము వేయి ఎకరములు. మన మహేంద్రగిరి అడవుల ముందు అది తోటవంటిది. ఒక భూస్వామి దంపతులు తమ ఒక్కగానొక్క కుమార్తె చనిపోగా ఆమె జ్ఞాపకార్థము 1940వ దశకపు ఆరంభములో ఆ అడవిని విశ్వవిద్యాలయమునకు సమర్పించిరట. ఈ మాట మా అమ్మాయి చెప్పిననాడు మేమిద్దరమును చాలసేపు మాటాడలేదు. అక్కడ 1947లో డేవిడ్ లాక్ అను శాస్త్రవేత్త చెట్లకు పెట్టెలు కట్టించి, వానిలో గూడుపెట్టు పక్షులను లెక్కింప నారంభించెను. ఈ లాక్ కొన్నియేండ్లు బడిపంతులుగా పనిచేసినవాడే. ఆయన 1973లో గతించెను గాని ఆ లెక్క ఆగలేదు. నాటినుండి నేటివరకు ప్రతి వసంతమునను ఎవరో ఒకరు ఆ పెట్టెలను తెరచి చూచుచునే ఉన్నారు. ఇప్పుడు వేయికి పైగా పెట్టెలు గలవు. పూర్వము కొయ్యవి, వీసెల్ అను ముంగిసవంటి చిన్న జంతువు వానిలో దూరి పిల్లలను తినిపోవుచుండుటచే, తరువాత రంపపుపొట్టును సిమెంటును కలిపి పోసిన పెట్టెలను వ్రేలాడగట్టిరి.

పక్షి పేరు గ్రేట్ టిట్. పేరులో గొప్పయే గాని తూకము 18 గ్రాములు. నల్లని తల, తెల్లని చెక్కిళ్ళు, పసుపుపచ్చని రొమ్ము, నడుమ నల్లని పట్టె. దీనికి దగ్గరి చుట్టము, పసుపు రంగు లేనిది, మన తూర్పు కనుమల అడవులలోను కలదు. ఇటీవలివరకు ఆ రెంటిని ఒకే జాతిగా ఎంచిరి. పిట్ట కొంచెము కూత ఘనము అను సామెత దానిని చూచియే పుట్టినదా యనిపించును.

ఆక్స్‌ఫర్డులో కాలమునకు ఒక వింత కొలత ఉన్నది. చదువు ఏడాదికి మూడు సత్రములు, ఒక్కొక్కటి ఎనిమిది వారములు. తారీఖు చెప్పరు, మనము తిథి చెప్పునట్లు "మూడవ వారము మంగళవారము" అందురు. వారము ఆదివారముతో మొదలగును. ఈ లెక్క మాకును అలవాటై, "ఎన్నవ వారము, తల్లీ?" అని అడుగనిదే మాట మొదలుపెట్టుట లేదు. మేము చెప్పబోవు వారము ఏ సత్రమునకును సరిగా ఇమడదు. పక్షులు విశ్వవిద్యాలయపు పంచాంగమును చూడవు గదా.

ఏప్రిల్ నెల అనుకొనుడు. సోమవారము ఉదయము ఆమె సైకిలుమీద అడవికి పోవును. సంచిలో పెన్సిళ్ళు, వానకు తడవని కాగితముల పుస్తకము, రొట్టె, వేడి టీ సీసా. సిరా పనికిరాదు, అక్కడి చినుకు చెప్పి రాదు. అడవిలో అడుగుపెట్టునప్పుడు తోటివారికొక సందేశము, బయటికి వచ్చినప్పుడు ఇంకొకటి పంపవలయునని నియమము. అన్నిటికంటె మా మనసునకు నచ్చిన నియమమిది. ఆమె వంతునకు వచ్చినవి నూటయిరువది పెట్టెలు. ఒక్కొక్కదానిని వారమునకొకసారి తెరచి చూచి ఉన్నది ఉన్నట్లు వ్రాయవలెను. ఏమియు లేదు, నాలుగు నాచుపోగులు, గూడు సగము, గూడు పూర్తి, లోపల జింకవెండ్రుకల మెత్త, గుడ్లు.

గుడ్ల లెక్కను గూర్చి మాలో పద్దులు వ్రాయువారికి చెప్పలేనంత మక్కువ. పక్షి తెల్లవారుజామున రోజుకొక్క గుడ్డు పెట్టును. పెట్టుట ముగియువరకు పొదుగదు గనుక గుడ్లు చల్లగా ఉండును. సోమవారమునాడు చల్లని గుడ్లు ఐదు కనబడినచో మొదటి గుడ్డు గురువారమునాటిదని తేలును. దినమున కొకసారి పోనక్కరలేదు. వారమున కొకసారి చూచినను మొదటి గుడ్డు తేదీ దొరకును. ఇట్లు 1947 మొదలు కూర్చిన తేదీలలోనుండి బయటపడిన సత్యమొకటి ప్రపంచమంతటికి తెలిసినది. 1960వ దశకముతో పోల్చినచో ఆ పక్షులు ఇప్పుడు సుమారు రెండు వారములు ముందుగా గుడ్లు పెట్టుచున్నవి. ఎందువలన? పిల్లల కాహారము ఓక్ చెట్ల లేతాకులను తిను గొంగళిపురుగులు. వసంతము వేడెక్కినచో ఓక్ ముందు చిగుర్చును, పురుగు ముందు పుట్టును. తల్లిపక్షి తన పిల్లల ఆకలి మిక్కుటమగు దినములును పురుగులు మిక్కుటముగనుండు దినములును ఒకటియగునట్లు గుడ్డు పెట్టవలెను. ఆలస్యమైనచో పిల్లలు పస్తు. లోకము వేడెక్కుచున్నదని ఉపన్యాసములలో వినుచున్నాము. ఒక పిట్ట గుడ్డు తేదీలో దానిని చదువవచ్చునని ఈ ఆదివారములలోనే తెలిసికొంటిమి.

మంగళవారమును అదే పని. బుధవారము ఆమె సొంత పరిశోధనకు సంబంధించినది, అదేమనగా ఆ పక్షుల పాట. గుడ్లు పెట్టుదినములలో ఆడుపక్షి పెట్టెలో నిద్రించును. మగపక్షి సూర్యోదయమునకు ముందే దగ్గరి కొమ్మపై చేరి, ఆమె బయటికి వచ్చువరకు పాడును. తెల్లవారుజామున ఇన్ని చెట్లక్రింద ఒక్క మనిషి నిలువలేదు గనుక, అగ్గిపెట్టెకంటె కొంచెము పెద్దదగు శబ్దగ్రాహకమును ముందునాడే కొమ్మకు కట్టివచ్చును. దాని పేరు ఆడియోమాత్. ఆమె నిద్రపోవుచుండగా అది మేల్కొని వినును. మూడు దినములైన పిదప విప్పి వేరొక చెట్టునకు కట్టును. గురువారమంతయు గదిలో కంప్యూటరు ముందు. పాట తెరమీద బొమ్మగా కనబడును. ఒక్కొక్క మగపక్షికి ఏయే పాటలు వచ్చునో, పొరుగుపక్షి పాటతో ఏది కలియునో విడదీయవలెను. శుక్రవారము తోటివారితో సమావేశము, ఆచార్యునితో సంభాషణ. దానిని గూర్చి ఆమె ఎక్కువగా చెప్పదు. మొదటి యేడు మాత్రము, "అందరూ నవ్వినప్పుడు నేనూ నవ్వుతాను నాన్నా, ఎందుకో తెలియదు" అని చెప్పెను. ఈ బడిలో పదవ తరగతివరకు తెలుగుమీడియములో చదివిన బిడ్డకు అక్కడ ఏమి కష్టమని మీరు అడిగినచో ఇదియే మా జవాబు. శాస్త్రము అర్థమైనది, హాస్యము అర్థమగుటకు రెండేండ్లు పట్టినది.

శనివారము బట్టలు, వంట. మే నెలలో పిల్లలు పొదిగిన తరువాత శనివారము లేదు, ఆదివారమును సగమే. పిల్లలకు పదునైదవ దినము వచ్చినప్పుడు వానిని గుడ్డసంచిలో తూచి, కాలికి అంకెగల చిన్న లోహపు కడియమును తొడుగుదురు. ఒక్కొక్క అంకె దేశమంతటిలో ఒక్క పక్షిదే. దీనికి లైసెన్సు కావలెను; అనుభవజ్ఞులవద్ద చాలకాలము అభ్యసింపవలెను. పదునైదు దినములే ఎందులకనగా, ఇంకను ఆలస్యమైనచో చేయి సోకగానే బెదరి ఎగురలేని పిల్లలు గూడు దాటి దుముకును. ఆ దినమున బరువు ఎక్కువగానున్న పిల్లలే మరుసటి యేటికి బ్రతికియుండుట ఎక్కువయని ఆ అడవి లెక్కలే చెప్పినవి. సాయంకాలము ఇంటికి వచ్చి ఒంటిని వెదకుకొనవలెను. పశువులను పట్టు పిడుదులవంటి పురుగులు అక్కడి గడ్డిలో నుండును, వానివలన లైమ్ అను వ్యాధి రావచ్చును.

ఆమె అద్దెకున్న యింటిలో ఒక శనివారము మేము పంపిన బరంపురపు అప్పడములను విద్యుత్తు పొయ్యిమీద కాల్చెనట. పొగ పసికట్టు యంత్రము కేకలు వేయగా ఐదుగురు విద్యార్థులు రాత్రి దుస్తులతో వీధిలో నిలిచిరి. తరువాత వారందరును చల్లారిన అప్పడములను తిని ఇంకను ఉన్నవా యని అడిగిరి.

దుఃఖములును కలవు. మొదటి వసంతములో వరుసగా మూడునాళ్ళు చలివాన కురిసెను. నాలుగవనాడు ఒక పెట్టె తెరువగా తొమ్మిది పిల్లలును చనిపోయియుండినవి. ఆ ఆదివారము ఆమె మాట్లాడలేకపోయెను. మామ్మ ఫోను తీసికొని, "పుస్తకంలో రాశావా అమ్మడూ?" అని అడిగెను. "రాశాను మామ్మా." "ఎన్నని?" "తొమ్మిది." "రాయడమే నీ పని. ఏడుపు తరవాత." ఆ రాత్రి ఆమె ఓదార్చినట్లు మేము ఓదార్చలేకపోయితిమి.

ఇప్పుడు చెప్పబోవునది మా తప్పు. కార్యదర్శిగారికి ముందుగా చెప్పినచో వద్దందురేమోయని చెప్పలేదు.

2024 మే 22వ తేదీ బుధవారము, వైశాఖ పూర్ణిమకు ముందునాడు, తెల్లవారుజామున మామ్మ నిద్రలోనే పోయినది. అమ్మాయికి చెప్పుటా, మానుటా? కడియములు తొడుగు వారమది. ఏడాది శ్రమ ఆ పది దినములలో ఉన్నది. చెప్పినచో పని విడిచి పరుగెత్తివచ్చును. వచ్చినను దహనమునకు అందదు. మాలో ఒకరు చెప్పవలెననిరి, ఒకరు వలదనిరి. ఎవరు ఏమన్నది ఇప్పుడు చెప్పము. చెప్పకపోవుటలో ఇద్దరమును భాగస్వాములమే. ఆ బుధవారము సాయంకాలము ఆమె ఒక ఫోటో పంపెను: అరచేతిలో పక్షిపిల్ల, వెనుక నవ్వుముఖము. "మామ్మకు చూపించండి" అని వ్రాసెను. మేము "చూపించితిమి" అని జవాబు వ్రాసితిమి.

ఆదివారము చెప్పితిమి. ఆమె ఏడువలేదు. "ఏ రోజు? ఎన్ని గంటలకు?" అని అడిగెను. చెప్పితిమి. చాలసేపు నిశ్శబ్దము. పిమ్మట, "బుధవారం నేను నవ్వుతూ తిరిగాను నాన్నా. మీకు తెలిసి" అనెను. ఇంకొక మాట, "చూపించామని రాశారు కదమ్మా." అంతే, ఫోను పెట్టివేసెను.

వచ్చు రెండు ఆదివారములు తొమ్మిది గంటలకు ఫోను మ్రోగలేదు. ఆ యింటిలో తొమ్మిది గంటలు ఎట్లుండునో మీకు చెప్పలేము. మేము ఆమె మేలుకోరియే చేసితిమని ఒకరికొకరము చెప్పుకొంటిమి. మూడవ ఆదివారము ఫోను వచ్చెను. ఆమె కోపము లేకయే మాట్లాడెను. తాను పనిచేయుచోట ఒక కట్టుబాటున్నదట: పెట్టె తెరువలేకపోయినచో "తెరువలేదు" అని వ్రాయవలయును, "ఖాళీ" అని వ్రాయరాదు. ఒక్కరు, ఒక్కసారి, ఎంత మంచి ఉద్దేశముతోనైనను అట్లు వ్రాసినచో అటుపిమ్మట ఆ పుస్తకములో ఏ ఖాళీని చూచినను నమ్మకము కలుగదు. "ఇప్పుడు మీరు 'అంతా బాగానే ఉంది' అంటే నేను ఏమని రాసుకోవాలి?" అని అడిగెను. మావద్ద జవాబు లేదు.

ఈ సభలో బిడ్డలను దూరదేశములకు పంపినవారు నలుగురైదుగురున్నారు, పంపనున్నవారు ఇంకను ఎక్కువ. పరీక్షలున్నవనియు, ఉద్యోగము కొత్తదనియు మనమందరమును వార్తలను దాచుచుండుట మాకు తెలియును; ఇరుగుపొరుగున వినుచునే ఉన్నాము. దాచుటలో ప్రేమ లేదని మేమనము. మేము మాత్రము మానివేసితిమి. నిరుటి యేడు మాలో ఒకరికి గుండెలో స్టెంటు వేయవలసివచ్చినప్పుడు, ఆసుపత్రి మెట్లమీదనుండియే ఆమెకు చెప్పితిమి. ఆమె రాలేదు. రావలదని మేము చెప్పలేదు. డాక్టరు నంబరు తీసికొని, తానే మాట్లాడి, రాకున్నను ఫరవాలేదని తానే నిర్ణయించుకొనెను. ఆ మరునాడు అడవికి వెళ్ళెను. ఆ నిర్ణయము ఆమెది గనుక ఆమె ఆ రాత్రి నిద్రపోయినదని మా నమ్మకము.

పాటల సంగతి సగములో విడిచితిమి. ఆ అడవిలో 2020 మొదలు 2022 వరకు మూడు వసంతములు ఇదే విధముగా ధ్వనులు పట్టి, లక్షకు పైగా పాటలను పరిశీలించిన పరిశోధన ఒకటి 2025లో ప్రకటింపబడెను. అది మా అమ్మాయిది కాదు; ఆమె చేయుచున్నది ఆ త్రోవలోని ఒక చిన్న తునక. వయసు మళ్ళిన పక్షులు ఎక్కువగానున్న చోట్ల, ఇతరత్ర వినబడక పోవుచున్న పాత పాటలు నిలిచియుండునట. బయటినుండి వచ్చి చేరిన పక్షులు ఆ చోటి పాటలనే నేర్చుకొనునట. ఇది విన్నప్పుడు మేము ఉబ్బిపోయితిమి. 1936లో గంజాం మద్రాసునుండి విడివడి ఒడిశాలో చేరిన నాటినుండి ఇక్కడి తెలుగువారు పడుచున్న తాపత్రయమంతయు ఆ పక్షులలో కనబడినది. సంఘమువారి సభలో చెప్పుటకు ఇంతకంటె మంచి దృష్టాంతము దొరకదనుకొంటిమి. ఆమె వెంటనే అడ్డుకొనెను: "నాన్నా, పక్షి పాట భాష కాదు. వాటికి మాతృభాషాదినోత్సవాలు లేవు. దయచేసి సభలో అనొద్దు." కాబట్టి మేము అనుటలేదు. విన్నది విన్నట్లు చెప్పితిమి.

ఆమె పుస్తకపు అంచులలో మాత్రము తెలుగు ఉన్నది. మొన్న డిసెంబరులో వచ్చినప్పుడు చూచితిమి. లెక్కలన్నియు ఇంగ్లీషులో, అంచున ఆయా పెట్టెల గుర్తులు మామ్మ మాటలలో: "తుప్పల చాటు", "బురద దారి, ఎడమకు", "గయ్యాళిది, వేలు పొడుస్తుంది". 2024 మే 22వ తేదీ పుటలో పక్షిపిల్లల తూకములు వరుసగా ఉన్నవి, పదునొకండు పెట్టెలవి. వాని క్రింద, తరువాత వేరొక పెన్సిలుతో వ్రాసినట్లు తెలియుచున్న ఒక్క పంక్తి: "ఈ రోజు మామ్మ పోయింది. నాకు 26న తెలిసింది."

ఆ రాకలోనే ఆమె ఈ బడికి రెండు పక్షిపెట్టెలు చేయించి యిచ్చెను. ఒకటి మామిడిచెట్టునకు, ఒకటి బావిదగ్గరి గోడకు కట్టించితిమి. గ్రేట్ టిట్ ఇక్కడికి రాదు. ఊరపిచ్చుకయో, గోరువంకయో రావచ్చును. ఐదవ తరగతి పిల్లలు ప్రతి శనివారమును దూరమునుండి చూచి పుస్తకములో వ్రాయవలెనని కట్టడి. హెడ్మాస్టరుగారి అనుమతితో ఆ పుస్తకమును చూచితిమి. పదునొకండు శనివారములు "ఏమియు లేదు" అని ఉన్నది. ఒక శనివారము "బడికి సెలవు, చూడలేదు" అని ఉన్నది. పోయిన శనివారము మామిడిచెట్టు పెట్టెలో కొంచెము పీచు కనబడినదట. అది ఉడుత పని యని బంట్రోతు, పిచ్చుక పని యని పిల్లలు. పీచు అని మాత్రమే వ్రాసి, ఎవరిదో వ్రాయక విడిచిరి.